తొమ్మిదో స్తంభం

నవంబరు 9. ఉదయం షిఫ్టు.

గాలి ఈశాన్యం నుంచి, గంటకు ఆరు కిలోమీటర్లు. గాలి కొలిచే పన్నెండు స్తంభాల్లో పదకొండింటి దీపం తెలుపు. లోహం కరిగించే కొలిమి గేటు దగ్గరున్న రెండో స్తంభం పసుపు. ఆరుబయట వేళలు ఏడు నుంచి పదకొండు వరకు. రెండో వార్డుకు ఈరోజు లేవు.

రాస్తున్నది మజ్జి హైమావతి, కొత్తరేవు గాలి కేంద్రంలో పరిశీలకురాలు. రోజూ షిఫ్టు వివరాలు చేత్తో రాయాలన్నది ఇక్కడి నియమం. మా సాఫ్ట్‌వేర్ మారుతం అన్నీ తనే నమోదు చేసుకుంటుంది. స్తంభాల అంకెలు, గాలి దిక్కు, కొలిమి గొట్టాల పొగ, తేమ, అన్నీ నిమిషానికోసారి. కానీ ఆరేళ్ల కిందట ఒకసారి నాలుగు రోజుల లెక్క మొత్తం చెరిగిపోయింది. అప్పటినుంచి ఈ పుస్తకం. దీన్ని ఎవరూ చదవరు.

పదిన్నరకు కౌంటరు దగ్గరికి ఒకావిడ వచ్చింది. తొమ్మిదో వార్డు గుర్రాలపేట నుంచి. పేరు తవిటమ్మ, అరవై దాటి ఉంటాయి. చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. మాస్కు మెడ మీదికి లాక్కుని, సంచిలోంచి ఆనపపాదు ఆకులు తీసి బల్ల మీద పరిచింది. ఈనెలు పచ్చగానే ఉన్నాయి. ఈనెల మధ్య మాత్రం సున్నం పూసినట్టు తెల్లబడింది.

"సూడమ్మా. రెణ్ణెల్ల నించీ ఇదే వరస. పాదంతా పోనాది. మా పేటలో ఇంటింటా దగ్గే. గాలి మంచిది కాదేటో అని వొచ్చినాను."

తెర మీద తొమ్మిదో స్తంభం అంకె చూపించాను. పదకొండు. ఇరవై లోపు ఉంటే తెలుపు, యాభై వరకు పసుపు, ఆపైన ఎరుపు. ఎరుపు పడితే ఊరి తలుపులన్నీ మూతపడతాయి, కొలిమి కూడా ఆగాలి.

"గాలి బాగానే ఉంది పెద్దమ్మా. ఇది పాదుకొచ్చిన తెగులు. వ్యవసాయం వాళ్లకు చూపించు."

ఆవిడ తెరకేసి చూడలేదు. నన్నే చూసింది. "నువ్వెప్పుడైనా మా పేటకొచ్చినావా తల్లీ?"

రాలేదన్నాను. ఆకులు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. ఊడ్చేవాళ్లు వచ్చి తీసేశారు.

నవంబరు 12. ఉదయం షిఫ్టు.

అన్నీ తెలుపు. వేళలు పదకొండున్నర దాకా పెరిగాయి. ఆ అరగంట కోసం ఊరంతా వీధిలోకి వచ్చింది. మా మేడ మీద కూడా దుప్పట్లు ఆరేశాం. హాల్లో ఆరిన బట్టలకూ ఎండలో ఆరిన బట్టలకూ తేడా పిల్లలకు చెప్పినా తెలియదు.

షిఫ్టు అయ్యాక ఆరో వార్డు బడికి వెళ్లాను. ఏటా నేనే వెళ్తాను. మాస్కులో వడపోత బిళ్ల ఎలా మార్చాలో, తలుపు అంచున రబ్బరు పట్టీ తెగితే ఏం చెయ్యాలో చూపిస్తాను. చివర్లో పిల్లలందరి చేతా పలికిస్తాను. కంటిని నమ్మం, ముక్కును నమ్మం, స్తంభాన్నే నమ్ముతాం. స్తంభం ఆరిపోయి కనిపిస్తే ఏం చేస్తారని అడిగాను. "లోపలికి పరిగెడతాం!" అని అరిచారు. పదకొండేళ్లుగా ఈ ఊళ్లో పిల్లలందరికీ ఈ పాఠం చెప్పింది నేనే. ఇప్పుడు వాళ్లలో కొందరికి పెళ్లిళ్లయ్యాయి.

నవంబరు 17. ఉదయం షిఫ్టు.

తవిటమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి ఆకుల్లేవు. కౌంటరు పట్టుకుని చాలాసేపు దగ్గింది. తర్వాత అంది, "ఏవీ అడగనమ్మా. ఒక్కపాలి సరిగ్గా సూడు. అంతే."

ఆవిడ వెళ్లాక తొమ్మిదో స్తంభం పాత లెక్కలు తెరిచాను. ఆవిడ మాట మీద గౌరవంతో కాదు. ఆ దగ్గు విన్నాక ఊరికే కూర్చోలేకపోయాను.

అరగంట చూస్తే అర్థమైంది. గుర్రాలపేటకు అటూ ఇటూ ఉన్నవి ఏడో స్తంభం, ఎనిమిదో స్తంభం. రెండూ మెట్ట మీద ఉన్నాయి. ఏడో స్తంభం పన్నెండు, ఎనిమిదోది ఎనిమిది చూపిస్తే తొమ్మిదోది పది. అవి పద్నాలుగు, పది అయితే ఇది పన్నెండు. ఎప్పుడు చూసినా సరిగ్గా మధ్యలో. గాలి అలా ఉండదు. ఇంట్లో రెండు గదుల్లోనే ఒకేలా ఉండదు.

నిన్నటి లెక్క చూశాను, అంతే. మొన్నటిది, అంతే. సెప్టెంబరంతా అంతే. ఆగస్టు 21 మధ్యాహ్నం దగ్గర గీత ఒక్కసారి పైకి లేచి, ఠక్కున పడి, అప్పటినుంచి మధ్యగీతలో కలిసిపోయింది.

స్తంభాల మరమ్మతు చూసే తాతారావుకు ఫోన్ చేశాను. రేపు ఆరుబయట వేళ మొదలవగానే ఎక్కుతానన్నాడు.

నవంబరు 18. ఉదయం షిఫ్టు.

తాతారావుకు యాభై ఎనిమిదేళ్లు. నిచ్చెన పట్టుకునే మనిషి కూడా లేకుండా ముప్ఫై అడుగుల స్తంభం ఎక్కుతాడు. ఎనిమిదింటికి పైనుంచే ఫోన్లో మాట్లాడాడు.

"అమ్మా, ఇది సచ్చిపోయి సానాకాలవైపోనాది. గాలి పీల్చే గొట్టం ఉప్పు పట్టి బిగుసుకుపోనాది. లోపల బోర్డు ముట్టుకుంటే పొడుం రాల్తంది. దీపవొక్కటే ఎలుగుతంది."

"దీపానికి అంకె ఎక్కణ్నించి వస్తోంది?"

"అది మీ మిషన్ని అడగాల."

అడిగాను. మారుతం దాచలేదు. స్తంభం పలకకపోతే పక్క స్తంభాలను బట్టి విలువ పూరించడం దానికి మొదటినుంచీ ఉన్న పద్ధతే. అయితే ఇదివరకు రెండు గంటలే పూరించేది. పూరించిన అంకె పక్కన తెర మీద చుక్క కనిపించేది. రెండు గంటలు దాటితే దీపం ఆరిపోయేది. ఆగస్టు మొదటివారంలో కొత్త మార్పు వచ్చింది. "మరమ్మతు జరిగేవరకు పూరింపు కొనసాగును. గందరగోళం కలిగించు చుక్కలు తొలగించబడును." మొత్తం నలభై పేజీల పత్రం. ముప్ఫై మూడో పేజీలో ఈ రెండు వాక్యాలు.

పత్రం చివర పరిశీలకుల సంతకాలున్నాయి. నాలుగోది నాది.

నేను ఆ పత్రం చదవలేదు. సంతకం చేసిన రోజు జ్ఞాపకం కూడా లేదు. ఇక్కడ ఈ మాట రాసి ఉంచుతున్నాను.

నవంబరు 19.

అధికారి రంగధామం గారికి చెప్పాను. ఆయన అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

"కొత్త పరికరం రావడానికి మూడు వారాలు పడుతుంది. డిసెంబరు పదికి ఇస్తారట. ఇప్పుడే కనుక్కున్నాను."

"అప్పటిదాకా ఆ దీపం ఆర్పేద్దాం సార్. వాళ్లకు నిజం చెబుదాం."

"దీపం ఆరితే ఆ వార్డు మూసినట్టే. మూడు వారాలు నాలుగు వందల ఇళ్లవాళ్లు తలుపు తియ్యకూడదు. చేపలెవరు ఎండబెడతారు? ఏం తింటారు?" ఆయన గొంతు తగ్గించారు. "నువ్వప్పటికి రాలేదు. పద్నాలుగేళ్ల కిందట నేనొక ఎరుపు వేశాను. స్తంభంలో సాలెపురుగు దూరింది, అంతే. అంకె మూడొందలు చూపించింది. ఎరుపు తాళం తిప్పాను. కొలిమి ఉన్నపళాన ఆగింది, లోపల లోహం గడ్డకట్టింది. ఏడాది పట్టింది మళ్లీ వెలిగించడానికి. ఆరు వందల కుటుంబాలు ఊరొదిలి పోయాయి. మా తమ్ముడు కూడా. వాడు నాతో ఇప్పటికీ మాట్లాడడు."

ఆయన సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీశారు.

"పైవాళ్లకు రాయి. నేనూ సంతకం చేస్తాను," అన్నారు. రాశాను. ఆయన సంతకం చేశారు. సాయంత్రానికి జవాబు వచ్చింది. "మీ కేంద్రంలో పన్నెండు స్తంభాలూ నూరు శాతం అందుబాటులో ఉన్నట్లు మారుతం నివేదించుచున్నది."

నవంబరు 26.

వారం రోజులుగా షిఫ్టు అయ్యాక గాలి కొలిచే చేతిపరికరం పట్టుకుని గుర్రాలపేటకు వెళ్తున్నాను. రెండు గుప్పిళ్లంత ఉంటుంది. స్తంభాలు పెట్టకముందు వాడేవాళ్లు. దాని అంకె చట్టప్రకారం చెల్లదు. రంగధామం గారు వద్దనలేదు. "నీ సొంత సమయంలో వెళ్లు," అన్నారు.

పేట పల్లంలో ఉంది. ఒకవైపు మెట్ట, ఇంకోవైపు ఇసుక దిబ్బలు, మధ్యలో గిన్నె అడుగులా ఇళ్లు. కొలిమి పొగ మెట్ట దాటి ఇక్కడికి జారి నిలిచిపోతుంది. ఒక్కసారి వచ్చి నిలబడితే ఎవరికైనా తెలిసేది. పదకొండేళ్లలో నేను రాలేదు.

ఈ వారం అంకెలు: 31, 28, 44, 37, 40, 22, 35. అన్నీ పసుపే. స్తంభం మాత్రం రోజూ తెల్లగా వెలుగుతోంది.

తవిటమ్మ ఇంట్లో టీ ఇచ్చింది. ఆవిడకూ ఇద్దరు ముగ్గురికీ విషయం చెప్పాను. పక్కింటి నూకాలు గడప మీద కూర్చుని వింది. ఇరవై మూడేళ్లుంటాయి, ఎండుచేపల కళ్లం నడుపుతుంది. భర్త బైరాగి పడవలు బాగుచేస్తాడు.

"అయితే ఇప్పుడేటి సెయ్యమంటారు?" అంది నూకాలు.

"బయట తక్కువ ఉండండి. మాస్కు తియ్యకండి."

"మా బళ్లోకొచ్చి మీరేటి సెప్పినారు మేడమ్? నాను ఏడో తరగతి. ముందు వరసలో కూకున్నాను. ముక్కుని నమ్మొద్దు, స్తంభాన్ని నమ్మమన్నారు." నవ్వుతూనే అంది. "ఇప్పుడేమో స్తంభాన్ని నమ్మొద్దంతన్నారు. రేపొచ్చి ఇంకేటంటారో!"

బైరాగి ఆమెను కసిరాడు. ఆమె మాట్లాడిన దాంట్లో తప్పేమీ లేదు.

డిసెంబరు 2. ఉదయం షిఫ్టు.

మారుతం వాతావరణ హెచ్చరిక ఇచ్చింది. ఎల్లుండి తెల్లవారుజాము నుంచి గాలి పూర్తిగా ఆగుతుంది, దట్టంగా మంచు పడుతుంది, చల్లగాలి నేలను పట్టుకుని ఉంటుంది, రెండు రోజులు కదలదు. ఇలాంటి రోజున పొగ పైకి పోదు. ఎక్కడ పల్లముంటే అక్కడ చేరుతుంది. ఇవన్నీ మారుతానికి తెలుసు. హెచ్చరికలో రాసింది కూడా. కానీ దాని రెండో పేజీలో గుర్రాలపేటకు ఎల్లుండి అంచనా అంకె పదకొండు, తెలుపు.

రంగధామం గారిని అడిగాను. "ఎల్లుండి ఉదయం ఎరుపు వేద్దాం సార్. మీ తాళం, నా తాళం."

ఎరుపు చేత్తో వెయ్యాలంటే రెండు తాళాలు ఒకేసారి తిప్పాలి. ఒకటి పరిశీలకురాలి దగ్గర, ఒకటి అధికారి దగ్గర ఉంటాయి.

"అంచనా మీద తిప్పలేను హైమావతీ. ఉదయం చూద్దాం. నిజంగా అంకె పెరిగితే తిప్పుతాను."

"ఏ అంకె సార్? ఆ స్తంభం చచ్చిపోయింది కదా."

ఆయన తాళంచెవి ఉన్న జేబు మీద చెయ్యి పెట్టుకున్నారు. అది ఆయనకు తెలియకుండానే చేశారనుకుంటాను.

డిసెంబరు 4.

ఇది మధ్యాహ్నం మూడింటికి రాస్తున్నాను. ఈరోజే రాయాలి.

ఆరింటికి వచ్చేసరికి కిటికీలోంచి ఏమీ కనబడలేదు. మంచులో పన్నెండు తెల్లటి మసక వెలుగులు మాత్రం ఉన్నాయి. ఏడు, ఎనిమిది స్తంభాలు తొమ్మిది, పదమూడు చూపించాయి. అవి మెట్ట మీద ఉన్నాయి కాబట్టి పొగ వాటి కిందనే పరుచుకుని ఉంది, వాటిదాకా లేవలేదు. వాటి మధ్య అంకె పదకొండు. ఆరూ నలభైకి మారుతం మరో పని చేసింది. మెట్ట వార్డులు శుభ్రంగా ఉన్నాయని లెక్కగట్టి ఏడు, ఎనిమిది, తొమ్మిది వార్డులకు ఆరుబయట వేళలు మధ్యాహ్నం రెండు దాకా పెంచింది. ఏడు గంటలు! ఆ పేటకు అంత సమయం ఈ ఏడాదిలో ఎప్పుడూ దొరకలేదు.

రంగధామం గారిని తెర ముందు కూర్చోబెట్టి, తాతారావు స్కూటరు వెనక ఎక్కి బయల్దేరాను. షిఫ్టు మధ్యలో సీటు వదలడం నేరం. వదిలాను.

పల్లంలోకి దిగే దారి మొదట్లో చేతిపరికరం 64 చూపించింది. సగం దిగాక 130. కళ్లం దగ్గర 212. మాస్కులోంచి కూడా గొంతులో అగ్గిపుల్ల గీసినట్టుంది. ఫోన్ చేశాను.

"రెండు వందల పన్నెండు సార్."

అటునుంచి మీటలు నొక్కిన చప్పుడు వినబడింది. "మారుతం పదకొండంటోంది."

"దానికి ఇక్కడ కళ్లు లేవు సార్. నాకున్నాయి. తాళం తిప్పండి, నాది సొరుగులోనే ఉంది."

"ఒక్క అరగంట చూద్దాం. గాలి కాస్త కదిలితే..."

ఫోన్ పెట్టేశాను. అప్పటికి ఎనిమిదింపావు.

కళ్లంలో ముప్ఫై మంది దాకా ఉన్నారు. ఏడు గంటల వేళ దొరికిందని మూడు రోజుల చేపా బయటికి తెచ్చారు. వేళ ఉందని సగం మంది మాస్కులు తీసేశారు. దగ్గుతూనే తాటాకు చాపలు పరుస్తున్నారు. లోపలికి వెళ్లమని అరిచాను, పరికరం చూపించాను. ఒకరిద్దరు నా ముఖం కేసి చూశారు. మిగిలినవాళ్లు తలెత్తి స్తంభం కేసి చూశారు. మంచులో అది చందమామలా వెలుగుతోంది.

నూకాలు చాప పరుస్తోంది. దగ్గరికెళ్లాను.

"నూకాలూ, నా మాట విను. ఇది మామూలు రోజు కాదు."

"ఈ సేప ఇయ్యాల ఆరకపోతే పారెయ్యడవే మేడమ్. మంచు తీసేస్తాది. గంట సూసి ఎల్తాను."

"గంట కూడా వద్దు."

"స్తంభం తెల్లగుంది కదేటి," అంది. ఈసారి నవ్వలేదు. అలిసిపోయినట్టుగా అంది.

నేను ఇంకా ఏదో చెప్పాను. తర్వాత వేరేవాళ్ల దగ్గరికి వెళ్లాను.

తవిటమ్మ నన్ను నమ్మింది. పళ్లెం, గరిటె పట్టుకుని ఇంటింటి ముందూ మోగిస్తూ తిరిగింది. "తలుపులేసుకోండ్రా! పిల్లల్ని లోపలేసుకోండి! నాను సెప్తన్నాను!" ఇళ్ల దగ్గరున్నవాళ్లు చాలామంది ఆవిడ మాట విన్నారు. కళ్లంలో మాత్రం పదిహేను, ఇరవై మంది మిగిలారు.

తొమ్మిదీ యాభైకి ఒక ముసలాయన మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆయన్ను లేపబోయిన మనిషి కూడా కూలబడ్డాడు. అప్పుడు కూడా మిగిలినవాళ్లు పరిగెత్తలేదు. ఏం జరుగుతోందో తెలియక వాళ్ల చుట్టూ మూగారు.

తాతారావు స్తంభం కేసి చూశాడు. "అమ్మా, దీపం ఆరితే ఎల్తారు గదా?"

నాకు తట్టలేదు. నేనే పదకొండేళ్లుగా పిల్లల చేత పలికించిన మాట. రెండు గంటలుగా ఆ స్తంభం కిందే అటూ ఇటూ తిరుగుతూ నాకు తట్టలేదు.

అతను స్పానరు నడుముకు దోపుకుని ఎక్కాడు. మాస్కులో వడపోత బిళ్ల పాతది, మార్చుకునే సమయం లేదు. సగంలో ఆగి దగ్గాడు. మళ్లీ ఎక్కాడు. పైన మంచులో మనిషి కనబడలేదు. గాజు పగిలిన చప్పుడు వినబడింది, వెలుగు పోయింది.

కళ్లంలో తలలన్నీ పైకి లేచాయి. ఆ తర్వాత అందరూ పరిగెత్తారు. చిన్నప్పుడు నేర్చుకున్నట్టే పరిగెత్తారు. నూకాలు నాలుగడుగులు వేసి చాపల మీద పడిపోయింది. నేనూ ఇంకొకామె కలిసి తవిటమ్మ ఇంట్లోకి మోశాం.

పదీ ఇరవైకి ఊరంతా సైరన్ మోగింది. రంగధామం గారు నా సొరుగు పగలగొట్టి తాళం తీసి, గుమ్మం దగ్గరి కాపలావాడి చేత ఒకటి తిప్పించి, తనొకటి తిప్పారు.

డిసెంబరు 6.

ఐదుగురు పోయారు. మొదట కూలబడిన ముసలాయన సింహాద్రి. ఆయన్ను లేపబోయిన మేనల్లుడు. ఇద్దరు అక్కచెల్లెళ్లు, కళ్లంలో కూలికి వచ్చినవాళ్లు. నిన్న సాయంత్రం ఆస్పత్రిలో నూకాలు.

ముప్ఫై ఒక్కమంది మంచాల మీద ఉన్నారు. తాతారావుకు ఆక్సిజన్ పెట్టారు. బతుకుతాడన్నారు. ఇంక నిచ్చెన ఎక్కలేడు, నాలుగడుగులు నడిస్తే కూర్చోవాల్సిందే. నన్ను చూసి మాస్కు పక్కకు జరిపి, "ముందే ఎక్కాల్సింది అమ్మా," అన్నాడు. ఆ మాట అతను నన్ను అనలేదు. తనను తాను అనుకున్నాడు. అదే నాకు భరించడం కష్టమైంది.

కొలిమిని ఈసారి పద్ధతి ప్రకారం ఆపారు. ఏమీ గడ్డకట్టలేదు. నాలుగు రోజుల్లో మళ్లీ వెలిగిస్తారట.

డిసెంబరు 13.

రేపు విచారణ. రాజధాని నుంచి ముగ్గురు తెర మీదికి వస్తారు. మారుతం లెక్కలు వాళ్ల దగ్గరికి ఇప్పటికే వెళ్లాయి. డిసెంబరు 4, తొమ్మిదో వార్డు, రోజంతా తెలుపు, అంకె పదకొండు. పదీ రెండుకు దీపం ధ్వంసం. ఆస్పత్రి కాగితాల మీద ఐదుగురికీ చలికి వచ్చిన ఊపిరితిత్తుల జ్వరమని రాశారు.

రంగధామం గారు ఈ పుస్తకం తన ముందు పెట్టుకుని కూర్చున్నారు. మొదటిసారి ఎవరో దీన్ని చదివారు.

"నవంబరు పద్దెనిమిది పేజీ ఉంది చూడు. స్తంభం చచ్చిందని నీకు ఆరోజే తెలుసని నువ్వే రాశావు. సంతకం సంగతి కూడా. వాళ్లకు కావలసింది ఒక మనిషి. ఈ పేజీ ఉంటే ఆ మనిషివి నువ్వే అవుతావు."

"పందొమ్మిదో తారీకు పేజీలో మీరున్నారు సార్."

"ఉన్నాను." కిటికీ వైపు తిరిగారు. "నాకు ఇంకో ఎనిమిది నెలలుంది. నేను నాకోసమే చెబుతున్నానేమో, నాకే తెలియడం లేదు. కానీ నీకు కూడా మంచిదే అమ్మాయ్. కొత్త పుస్తకం ఇస్తాను. తిరిగి రాసెయ్యి."

"ఈ పేజీలు లేకపోతే వాళ్లంతా జ్వరంతో పోయినట్టే కదా సార్. మంచాల మీద ఉన్నవాళ్లది కూడా చలిదగ్గే అవుతుంది."

ఆయన పుస్తకం మూసి నావైపు జరిపారు.

డిసెంబరు 14.

పుస్తకం ఇచ్చేశాను, అన్ని పేజీలతో. ఇదే దీనిలో నా చివరి రాత.

జనవరి 30.

ఇది నా సొంత నోటుబుక్కు.

విచారణ ముగిసింది. మరణాలకు కారణం గాలి అని ఒప్పుకున్నారు. ముప్ఫై ఒక్కమందికీ ఊపిరి ఉన్నంతకాలం వైద్యం గాలి కేంద్రమే చూడాలి. మారుతంలో పూరింపు మళ్లీ రెండు గంటలకు తగ్గింది. స్తంభం చెడిందని తెలిసీ పదహారు రోజులు ప్రజలందరికీ ప్రకటించని పరిశీలకురాలు మజ్జి హైమావతిని ఉద్యోగం నుంచి తొలగించారు, కేసు నడుస్తుంది. రంగధామం గారిని మరో ఊరికి బదిలీ చేశారు. నలభై పేజీల పత్రం రాసింది ఎవరో విచారణలో ఎక్కడా రాలేదు.

తీర్పులో నా గురించి రాసింది తప్పని నేను అనలేను. పదహారు రోజులు నేను నలుగురైదుగురికే చెప్పాను. మిగిలిన సమయమంతా అనుమతి కోసం అడుగుతూ గడిపాను.

ఫిబ్రవరి 22.

పందొమ్మిదిన తవిటమ్మ కబురు పెడితే గుర్రాలపేటకు వెళ్లాను. కొత్త స్తంభం పెట్టి నెల దాటింది. ఇది నిజంగా పనిచేస్తోంది. చేతిపరికరంతో పక్కపక్కన పెట్టి పది రోజులు సరిచూశారట. అయినా పేటలో ఒక్క తలుపు తెరుచుకోవడం లేదు. తెల్లగా ఉన్నా తియ్యరు. ఆరుబయట వేళలు వస్తాయి, పోతాయి. కళ్లం ఖాళీ. పిల్లలు ఇళ్లలో దీపాల కింద పాలిపోయి కూర్చున్నారు.

"నా మాటా ఇనట్లేదు," అంది తవిటమ్మ. "ఆకలితో సచ్చినా పర్లేదు, గాలితో సావం అంతన్నారు. నువ్వు సెప్పు తల్లీ."

"నా మాట ఎవరు వింటారు పెద్దమ్మా?"

"ఆరోజు నువ్వు సెప్పిందే నిజవైంది గదా."

మర్నాడు వేళ మొదలయ్యాక ఒక ముక్కాలిపీట పట్టుకెళ్లి బైరాగి ఇంటి ఎదురుగా, వీధి మధ్యలో వేసుకుని కూర్చున్నాను. మాస్కు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. నాలుగు గంటలు కూర్చున్నాను. తలుపుల సందుల్లోంచి నన్ను చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. ఎవరూ రాలేదు.

రోజూ వెళ్తున్నాను.

మార్చి 2.

పదకొండో రోజు బైరాగి తలుపు తెరుచుకుంది. గడ్డం పెరిగిపోయింది. మాస్కు పెట్టుకునే వచ్చి, నాకు దూరంగా తన గడప మీద కూర్చున్నాడు.

"ఆరోజు నూకాలికి మీరు సెప్పినారంట గదా."

"చెప్పాను."

"సెయ్యట్టుకు లాగినారా?"

"లేదు."

"లాగుంటే వొచ్చునా?"

వచ్చేది కాదు, విదిలించుకునేది అని చెప్పొచ్చు. అతనికీ నాకూ కూడా అది కాస్త తేలిగ్గా ఉండేది.

"తెలీదు బైరాగీ. లాగలేదు. చెప్పి వెళ్లిపోయాను."

అతను తల వంచుకున్నాడు. భుజాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు. నేను లేచి దగ్గరికి వెళ్లలేదు. వెళ్లే హక్కు నాకుందనిపించలేదు. పక్కింటి తలుపు ఒకటి జానెడు తెరుచుకుని అలాగే ఆగింది. అందులోంచి ఎవరో దగ్గారు.

వేళ ముగుస్తుందనగా బైరాగి మాస్కు తీశాడు. ఒకసారి ఊపిరి లోపలికి పీల్చి, ఆపి, నెమ్మదిగా వదిలాడు. వంటింట్లో పాలు విరిగాయేమో చూసేవాడిలా ముఖం పెట్టాడు. తర్వాత లేచి లోపలికి వెళ్తూ, నావైపు తిరగకుండానే అన్నాడు.

"రేపు కూడా రండి."